గడియకు గడియ వేయడం: క్లాక్ గేటింగ్‌కు ఈ మాట కుదురుతుందా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. నేను చేసేది బెంగళూరులో చిప్ డిజైన్ పని, శనాదివారాలు ఇంట్లో ఉంటాను. మొన్న రాత్రి పడుకోబోతుంటే అవ్వ లోపల్నుంచి "గడియ వేసినావా నాయనా?" అనింది. వేసి మంచమెక్కినాక తట్టింది, వారమంతా ఆఫీసులో నేను చేసేదీ ఇదే గదా అని.

గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60. అడుగున సన్నని చిల్లున్న గిన్నెను నీళ్ల మీద వదిలితే, అది నిండి మునిగేంత సేపు. తలుపుకు వేసేదీ గడియే. చిప్‌లో ఈ రెండూ ఒకే చోట కలుస్తాయి.

1 గిగాహెర్ట్జ్ క్లాక్ అంటే సెకనుకు వంద కోట్ల సార్లు లేచి పడే సిగ్నల్. మిగతా తీగలు పని పడినప్పుడే కదులుతాయి, క్లాక్ తీగకు మాత్రం విరామం లేదు. లేచిన ప్రతిసారీ ఆ తీగ కెపాసిటెన్స్‌ను, అంటే అది పట్టే ఛార్జిని, నింపాలి. ఆ ఖర్చు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1 వోల్టును 0.9కి దించితే 19 శాతం ఆదా అవుతుంది. అయితే గేట్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న సర్క్యూట్లు) నెమ్మదిస్తాయి, కరెంటు సప్లయిలో చిన్న అదురుకే ఊగిపోతాయి. రెండో దారి, పని లేని బ్లాకుకు, అంటే చిప్‌లో ఆ భాగానికి, క్లాక్ పోకుండా ఆపడం. దీన్నే క్లాక్ గేటింగ్ అంటాం. "గడియకు గడియ వేయడం" అంటే ఎట్లుంటుంది?

చిత్తూరు నుంచి ఒక తెలుగు మాస్టారు:
చమత్కారం బాగుంది. కానీ గేట్ అంటే వాకిలి కదా, గడియ ఎట్లయింది? "వాకిలి మూయడం" అంటే పోదా?

నేను:
పోదు సార్. వాకిలి ఒక్కటే పెడితే చిక్కొస్తుంది. క్లాక్ పైన ఉన్నప్పుడు ఎవరైనా వాకిలి మూస్తే పల్స్ సగంలో తెగి తుంటలా బయటికి పోతుంది. దాన్ని కొన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లు (క్లాక్ దెబ్బకు ఒక్కో బిట్‌ను పట్టి దాచుకునేవి) క్లాక్ అనుకుంటాయి, కొన్ని అనుకోవు. ఇక లెక్కలన్నీ తప్పే. అందుకని క్లాక్‌ను ఆపే వాకిలికి, అంటే ఆండ్ గేట్‌కు, ముందు ఒక లాచ్ పెడతాం. "మూయి" అన్న ఆజ్ఞ ఎప్పుడొచ్చినా, క్లాక్ కిందికి దిగేదాకా అది పట్టి ఉంచుతుంది. లాచ్ అంటే గడియే కదా! వాకిలి ఆండ్ గేట్, దాని గడియ లాచ్.

పుత్తూరు నుంచి ఒకరు:
మాకు ఇంజనీరింగ్ తెలీదు గానీ ఒక సందేహం. బోరు మోటరు ఆన్ చేయగానే ఇంట్లో లైటు ఒక్క క్షణం మసకబారుతుంది. మీ గడియ తీసినప్పుడు కూడా అట్లే ఉంటుందా?

నేను:
అచ్చం అదే అన్నా! నిద్రపోతున్న పెద్ద బ్లాకును ఒక్కసారిగా లేపితే కరెంటు దబ్బున లాగుతుంది. తీగల రెసిస్టెన్స్, ఇండక్టెన్స్ వల్ల లోపలి వోల్టేజి కుంగుతుంది. క్లాక్‌ను ముందుకు అందించే పక్కనున్న బఫర్లు ఆ కుంగుకు నెమ్మదించి, అంచు (క్లాక్ లేచే, పడే క్షణం) ఆలస్యంగా చేరుతుంది. పొదుపు కోసం వేసిన గడియే సప్లయికి గోల తెచ్చిపెడుతుంది. సెకనుకు 10 గిగాబిట్లు పోయే లింకులో ఒక్కో బిట్‌కు దక్కేది 100 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు). అందులో అంచు 10 పికోసెకన్లు అటూ ఇటూ అయినా పదో వంతు పోయినట్టే.

అందుకే బ్లాకులను ఒక్కొక్కటిగా లేపుతాం. గేట్ల పక్కనే చిన్న చిన్న కెపాసిటర్లు పెడతాం. వీధి కొళాయిలో నీళ్లు సన్నగా వచ్చే పూట వాడుకోను ఇంట్లో తొట్టి నింపి పెట్టుకుంటాం కదా, అట్లా. మరీ సున్నితమైన చోట జత తీగల మీద ఎప్పుడూ ఒకే కరెంటు లాగే సర్క్యూట్ వాడతారు. దాంతో సప్లయి పెద్దగా కుదుపుకు లోనుకాదు, కానీ అది పని లేకపోయినా తింటూనే ఉంటుంది. తిండి పెట్టి ఊరకే కూర్చోబెట్టిన అల్లుడి బాపతు.

తిరుపతి నుంచి మృదంగం నేర్చుకుంటున్న ఒకమ్మాయి:
అంచు అటూ ఇటూ కావడాన్ని మీరు ఏమంటారు సార్? మేమైతే వేగం మెల్లగా పెరిగిపోతే "పరిగెడుతోంది" అంటాం. ఒక్కో దెబ్బ కొంచెం ముందో వెనకో పడితే వేరే దోషం.

నేను:
జిట్టర్ అంటాం. ఆ రెండోదే. నాకైతే "తొట్రుపాటు" నచ్చింది. మీ తాళం మాట కూడా మాకు పనికొస్తుందమ్మా. క్లాక్ పుట్టించే ఫేజ్ లాక్డ్ లూప్ బయటి దెబ్బకు తన దెబ్బను సరిచూసుకుంటూ దానితో కలిసిపోతే "లాక్ అయింది" అంటాం. తాళం పడింది అన్నా చెల్లుతుంది. లాక్ కూడా తాళమే!

చిత్తూరు మాస్టారు:
తొట్రుపాటు సరే. లాచ్‌కు గడియా ఒప్పుకుంటా. మొదటి గడియ మాత్రం వద్దు, పిల్లలు 24 నిమిషాలు వేస్తారు లెక్కల్లో. "క్లాక్‌కు గడియ" అని రాయండి.

నేను:
అట్లే సార్. సోమవారం రివ్యూ స్లైడ్‌లో పెడతా. మా మేనేజర్ తమిళాయన, ఏమంటాడో చూడాలి.