ఎమర్జెన్సీలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ స్క్రీనింగ్: రిపోర్టు వచ్చేసరికి పేషెంట్ వెళ్లిపోతే ఎలా?

నేను ఎమర్జెన్సీ విభాగంలో నర్సుని. ఏ కారణంతో రక్తం తీసినా, పేషెంట్ వద్దంటే తప్ప, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా చేయాలని మా దగ్గర అనుకుంటున్నారు. హెచ్‌ఐవీకి ఈ పద్ధతిని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2006లోనే సిఫార్సు చేసింది. ఇది మంచి పనేనని నా గట్టి నమ్మకం. హెపటైటిస్ సి ఇప్పుడు 8 నుంచి 12 వారాల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతోంది, కానీ ఉందని తెలిస్తేనే కదా!

నాకు టెన్షన్‌గా ఉన్నది తర్వాతి సంగతి. స్క్రీనింగ్‌లో పాజిటివ్ వస్తే నిర్ధారణ పరీక్ష చేయాలి. ఆలోపు కాలికి కుట్లు వేయించుకున్న మనిషి ఇంటికెళ్లిపోతాడు. అప్పుడు ఫోన్ ఎవరు చేయాలి? డ్యూటీ డాక్టరా, ఇందుకోసమే పెట్టిన కోఆర్డినేటరా? ఫోన్ ఇంట్లో వేరేవాళ్లు ఎత్తితే ఏమని చెబుతారు?

ఇంకొకటి. మంచం చుట్టూ బంధువులుంటారు, కర్టెన్ అవతలి మాట ఇవతలికి వినిపిస్తుంది. అక్కడ "వద్దనుకుంటే చెప్పండి" అంటే నిజంగా వద్దనగలరా? "అందరికీ చేస్తున్నాం" అని ముందే చెబితే సరిపోతుందా?

ఇలాంటి చోట పనిచేసినవాళ్లు, పరీక్ష చేయించుకున్నవాళ్లు కూడా, దయచేసి మీ అనుభవం చెప్పండి.