అప్‌డేట్: హ్యావ్‌లాక్‌లో అమ్మతో తిరగడానికి స్కూటీనా, ఆటోనా?

మోకాళ్ల నొప్పులున్న అమ్మని తీసుకుని అండమాన్‌లోని హ్యావ్‌లాక్, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్ వెళ్తున్నాం, ఎలా తిరగాలి అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"రెండూ వాడుకోండి" అన్నవాళ్ల మాటే పనిచేసింది. జెట్టీ నుంచి రాధానగర్ బీచ్ దాదాపు 12 కిలోమీటర్లు, అమ్మతో ఆటోలోనే వెళ్లాం. అసలు తంటా తిరుగు ప్రయాణంలో. డిసెంబర్లో అయిదున్నరకే చీకటి పడిపోతుంది, సూర్యాస్తమయం అవ్వగానే జనమంతా ఒక్కసారే లేస్తారు, బయట నిలబడ్డ ఆటోలన్నీ ముందే మాట్లాడుకున్నవే. దించిన ఆటో అతన్నే ఆపుకోమని, వెయిటింగ్‌తో కలిపి రేటు ఎక్కేముందే తేల్చుకోమని చెప్పినవాళ్లకి దండం. మా పక్కనే ఓ జంట ఇసుక కాళ్లతో, చెప్పులు చేత్తో పట్టుకుని ప్రతి ఆటోనీ బతిమాలుతున్నారు పాపం.

కాలాపత్థర్ బీచ్ వైపు మాత్రం అమ్మని రూములో ఉంచి మా ఆవిడా నేనూ స్కూటీ మీద వెళ్లాం. ఒరిజినల్ లైసెన్స్ అడిగారు. ఆఫ్‌లైన్ మ్యాప్ అక్కర్లేకపోయింది, మార్కెట్ దగ్గర చీలే రోడ్లలో ఒకటి రాధానగర్‌కి, ఇంకోటి కాలాపత్థర్‌కి. సర్కారు బస్సు ఉంది, చవక, కానీ దాని టైముకి మనం సర్దుకోవాలి. నోట్లు దగ్గరుంచుకోండి, సిగ్నల్‌ని నమ్ముకుంటే పేమెంట్ తిరుగుతూనే ఉంటుంది.