ఈపీఎస్ (పీఎఫ్ కట్టిన ఉద్యోగులకి వచ్చే) పింఛను 1,640. మీకు నెల ఎలా గడుస్తోంది?

మిల్లుబాబాయ్, విజయనగరం:
జూట్ మిల్లులో చేశాను. పింఛను 1,640. మా ఆవిడ బీపీ, షుగర్ మందులకే 1,100 పోతోంది. బ్యాంకులో 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. దాన్ని విడిపించి వాడుకోవాలా, వడ్డీతోనే నెట్టుకురావాలా? మీరేం చేస్తున్నారో చెప్పండి.

భువనగిరి అమ్మ:
మీకు 1,640 అన్నా వస్తోంది అన్నయ్యా. మా ఆయన పోయాక నాకొచ్చేది వెయ్యి. 2014 సెప్టెంబర్‌లో కనీసం వెయ్యి అన్నారు, ఇప్పటికీ అదే వెయ్యి. గ్యాస్ బండ తెప్పించిన నెల పాలు మానేస్తాను.

డిపో కండక్టర్:
మా పక్కింటాయన జన్మలో పీఎఫ్ కట్టలేదు. 2024 జులై నుంచి ఒకటో తారీఖున ఇంటికొచ్చి ప్రభుత్వ పింఛను 4,000 చేతిలో పెడుతున్నారు. 30 ఏళ్లు డ్యూటీ చేసిన నాకు 3,050. నాకూ రాయమంటే "మీకు పింఛను వస్తోంది కదా" అన్నారు.

పాలకొల్లు కుర్రాడు:
పక్కింటాయన మీద ఏడుపెందుకు సార్? మా నాన్న కూలికెళ్లి నడుం పోగొట్టుకున్నాడు. ఆ నాలుగు వేలతోనే మా ఇంటికి బియ్యం వస్తాయి. మీకు పీఎఫ్, గ్రాట్యుటీ ముట్టాయి. ఆయనకేం ముట్టింది?

డిపో కండక్టర్:
ఏడుపు అనే మాట వెనక్కి తీసుకో బాబూ. ఆయనకి తీసేయమన్నానా? నాకూ ఇవ్వమన్నాను. ఆ గ్రాట్యుటీ మా పిల్ల పెళ్లికే అయిపోయింది.

బాలానగర్ ఫిట్టర్:
మీ గొడవ పక్కన పెట్టండి. నాది 1996 సెప్టెంబర్ నుంచి 2018 ఆగస్టు దాకా సర్వీసు. ఈపీఎస్ లెక్క ప్రకారం జీతం 15,000ని 22 ఏళ్లతో హెచ్చించి 70తో భాగిస్తే 4,714 రావాలి. 2,700 చిల్లర ఇస్తున్నారు. మిగతాది ఎవరు తిన్నారు?

లెక్కల మాస్టారు:
ఎవరూ తినలేదు. 28 ఏళ్లు పీఎఫ్ లెక్కలే రాశాను, నా మాట వినండి. 2014 ఆగస్టు దాకా పింఛనుకి లెక్కేసే జీతం పరిమితి 6,500. ఆ 18 ఏళ్లకి 1,671 వస్తుంది. తర్వాతి నాలుగేళ్లకి 15,000 మీద 857. మొత్తం 2,528. ఇరవై ఏళ్లు దాటినందుకు రెండేళ్ల బోనస్, దానికి ఇంకొంచెం. మీది కరెక్ట్‌గానే వస్తోంది. పైగా పింఛనుకి కట్టింది కంపెనీ వాటాలోంచి పోయిన 8.33 శాతం, మీ జీతంలోంచి కాదు.

బాలానగర్ ఫిట్టర్:
కంపెనీ వాటా ఆకాశం నుంచి ఊడిపడిందా మాస్టారూ? నా చెమటకి ఇచ్చిందే కదా! మీరు ఇప్పటికీ మేనేజ్‌మెంట్ కుర్చీలోనే కూర్చున్నట్టున్నారు.

సామర్లకోట పెద్దాయన:
2020 మార్చిలో పెద్దవాళ్లకిచ్చే రైలు రాయితీ కూడా ఎత్తేశారు. మనవణ్ణి చూడ్డానికి సికింద్రాబాద్ వెళ్లి రెండేళ్లయింది.

భువనగిరి అమ్మ:
బీడీలు చుట్టీ చుట్టీ నా వేళ్లు అరిగిపోయాయి. లైఫ్ సర్టిఫికెట్‌కి వేలిముద్ర పడక పోయినేడు రెండు నెలలు పింఛను ఆగింది. ఈసారి మా మనవరాలు ఫోన్‌లో ముఖం చూపించి, కళ్లు ఆర్పమంది. ఐదు నిమిషాల్లో అయిపోయింది!

మిల్లుబాబాయ్, విజయనగరం:
అమ్మా, ముఖం చూపించేది ఏ యాప్? నావీ జనపనారకి అరిగిన వేళ్లే. ఎఫ్‌డీ సంగతి ఎవరైనా చెప్తారా, వచ్చే నెల 9న రెన్యువల్.

లెక్కల మాస్టారు:
ఫిట్టర్ గారూ, నేను మేనేజ్‌మెంట్ కాదు, క్లర్కుని. నా పింఛను 2,310.