బెర్లిన్‌లో క్లబ్బుకి వెళ్ళకపోతే స్నేహితులే దొరకరా?

పాలకొల్లు_టు_బెర్లిన్:
మాస్టర్స్‌కి ఇక్కడికొచ్చి పద్నాలుగు నెలలు. నేను తాగను. నియమం అనేం కాదు, ఆ రుచి పడలేదు, అంతే. మా ఫ్లాట్‌లో నలుగురం: ఇద్దరు జర్మన్లు, ఒక బ్రెజిల్ అమ్మాయి, నేను. మొదట్లో వాళ్ళు శుక్రవారం రాత్రి పదకొండింటికి బయల్దేరుతూ "వస్తావా?" అని అడిగేవాళ్ళు. నాకేమో అది పడుకునే టైము. నాలుగైదుసార్లు వద్దన్నాక అడగడం మానేశారు. ఇప్పుడు వంటింట్లో ఎదురుపడితే హలో, ఈ వారం చెత్త వంతు ఎవరిది, అంతే మాటలు. పోయిన శనివారం పట్టుబట్టి మనవాళ్ళు ముగ్గురితో ఒక క్లబ్బుకి వెళ్ళా. ఎముకలు కొరికే చలిలో రెండు గంటలు క్యూలో నిలబడితే తలుపు దగ్గరాయన మమ్మల్ని పైనుంచి కిందకి ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. ఎందుకో చెప్పలేదు. డోనర్ కబాబ్ తిని ఇంటికొచ్చేశాం. ఇంతకీ నేనడిగేది, ఈ రాత్రి తిరుగుళ్ళు లేకుండా ఇక్కడివాళ్ళతో స్నేహం కుదరదా?

మూసీ_టు_మైన్:
తమ్మీ, కోపం తెచ్చుకోకు గానీ తప్పు నీదే. బెర్లిన్ పోయి పదకొండింటికి పడుకుంటా అంటే తిరుపతి పోయి లడ్డూ వద్దన్నట్టు ఉంది. ఆ ఊర్లో 1949 నుంచి బార్లు మూసే టైమే లేదు. హెయింజ్ జెల్లర్‌మేయర్ అనే హోటలాయన విస్కీ సీసా పట్టుకుని అప్పుడు ఊరిని చూసుకునే అమెరికన్ సైన్యాధికారి దగ్గరికి పోయి ఒప్పించిండని చెప్తరు. శుక్ర, శనివారాలు ఉబాన్, అంటే మెట్రో రైలు, తెల్లవార్లూ నడుస్తది. 2024లో బెర్లిన్ క్లబ్బుల టెక్నో సంగీతాన్ని జర్మనీ యునెస్కో కమిషన్ వారసత్వ జాబితాలో పెట్టింది. పాత కరెంటు ఫ్యాక్టరీలో నడిచే బెర్గైన్ క్లబ్బుని అయితే పన్ను కేసులో 2016లో కోర్టు కచేరీ హాళ్ళ లెక్కలో చూసింది, పన్ను తగ్గింది. అది వాళ్ళ సంస్కృతి. బతుకమ్మ దగ్గరికి పోకుండా తెలంగాణ మొత్తం చూసొచ్చిన అంటే మేం ఒప్పుకుంటమా? తాగకు, కానీ పోవాలె. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐదేళ్ళ నుంచి ఉన్నా, ఉన్న దోస్తులందరూ రాత్రుళ్ళు కలిసినోళ్ళే.

లెక్కల_మాస్టారు:
మా అబ్బాయి కూడా జర్మనీలోనే చదువుతున్నాడు, అందుకని రాస్తున్నా. బ్లాక్డ్ అకౌంట్‌లో, అదే వీసా కోసం ముందే డబ్బు వేసి నెల నెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతాలో, 11,904 యూరోలు వేసి పంపాం, నెలకి చేతికొచ్చేది 992. గది అద్దె, ఇన్సూరెన్స్ పోతే ఏం మిగులుతుందో మీకే తెలుసు. ఉద్యోగమా, ఏడాదికి 140 పూర్తి రోజులకి మించి చెయ్యకూడదు. ఈ లెక్కలో వారం వారం క్లబ్బు టిక్కెట్టు ఎక్కడ ఇరికిస్తారు? అప్పు చేసి పంపింది చదువుకి. స్నేహాలు అవే వస్తాయి బాబూ.

మూసీ_టు_మైన్:
అవే రావు మాస్టారూ, అదే కదా ఈ తమ్ముడి బాధ. పద్నాలుగు నెలలైంది.

పూతరేకు:
ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. మాస్టారూ, మీ అబ్బాయి ఆదివారం ఫోన్‌లో "బానే ఉన్నా నాన్నా" అంటాడు చూడండి, ఆ మాటకి ముందు రోజు ఎవరితోనైనా నోరు విప్పాడో లేదో ఒకసారి అడగండి. నవంబరులో నాలుగున్నరకే చీకటి పడే ఊర్లో గదిలో ఒక్కరే ఉండటం అంటే ఏంటో నాకు తెలుసు. నా మొదటి చలికాలం ఒక సెమిస్టర్ మార్కుల్ని మింగేసింది.

మూసీ గారూ, క్లబ్బులో స్నేహాలా? ఆ చప్పుడులో పక్కవాళ్ళ పేరు వినపడుతుందా? నాకు డాన్స్ ఇష్టం, వెళ్తా. కెమెరా మీద స్టిక్కర్ వేసి లోపలికి పంపితే ఎవరూ ఫోటో తీయరనే నిశ్చింతతో ఆడతా. కానీ అక్కడ పరిచయమైనవాళ్ళెవరూ నాకు జ్వరమొస్తే సూపు తేలేదు. తెచ్చింది యూనివర్సిటీ వాలీబాల్‌లోవాళ్ళు. ప్రతి మంగళవారం అదే జిమ్ము, అవే మొహాలు, ఆట అయ్యాక అదే మూల పబ్బులో అదే బల్ల. మొదటి రెండు నెలలు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మూడో నెలలో ఒక వారం నేను వెళ్ళకపోతే "ఏమైంది?" అని మెసేజ్ వచ్చింది.

ఇంకోటి, తాగనివాళ్ళకి ఇక్కడ ఇబ్బందేం లేదు. పబ్బులో అన్నిటికన్నా చవకైన మందు ధరకి మించకుండా మందులేని పానీయం ఒకటైనా ఉండాలని చట్టమే ఉంది, జనం దాన్ని ఆపిల్ రసం సెక్షన్ అంటారు. నేను ఆప్‌ఫెల్‌షోర్లే, అంటే సోడా కలిపిన ఆపిల్ రసం, పట్టుకుని మూడు గంటలు కూర్చుంటా. గ్లాసులు తగిలించేటప్పుడు మాత్రం కళ్ళల్లోకి చూడాలి, చూడకపోతే గోల చేస్తారు. అమ్మాయిలెవరైనా చదువుతుంటే: ఎవడైనా ఇబ్బంది పెడితే బార్ కౌంటర్‌లో "లూయిసా ఉందా?" అని అడగండి, అది సాయం కావాలనే సంకేతం. మ్యూన్‌స్టర్‌లో మొదలైంది, చాలా ఊళ్ళలో ఉంది. ఎందుకని అడక్కుండా మిమ్మల్ని పక్కకి తీసుకెళ్ళి టాక్సీ పిలుస్తారు.

అనంత_నిద్ర:
క్లబ్బు వాడు పంపకపోవడం గురించి ఎవరూ మాట్లాడరేం? అది రంగు చూసి కాదా? నలుగురు తెల్ల కుర్రాళ్ళయితే పంపేవాడు కాదా?

అర్ధరాత్రి_ఆవకాయ:
నేను బెర్లిన్‌లోనే క్రాయిజ్‌బెర్గ్ పేటలో ఒక బార్‌లో రెండేళ్ళుగా గ్లాసులు కడుగుతున్నా, బయట జరిగేది కొంత చూశా. నలుగురు మగపిల్లలు ఒకే గుంపుగా, గట్టిగా నవ్వుతూ, ఫోన్‌లో వీడియో తీసుకుంటూ వస్తే ఏ రంగైనా చాలా చోట్ల వెనక్కే. ఇద్దరిద్దరుగా వెళ్ళండి. అలా అని రంగు లేనే లేదనను, ఉంది, చూశా. 2006 నాటి సమానత్వ చట్టం ప్రకారం అది నేరుగా తప్పు, కోర్టుకెళ్ళి పరిహారం గెలిచినవాళ్ళున్నారు. కానీ కారణమే చెప్పని చోట ఏం నిరూపిస్తాం.

అదలా ఉంచితే, పాలకొల్లు తమ్ముడి పోస్టులో "అడగడం మానేశారు" అన్న ముక్క దగ్గర ఆగిపోయా. మన ఇళ్ళల్లో వద్దంటే అది మొదటి వద్దు. ఇంకొక్క ముద్ద అంటారు, మళ్ళీ వద్దంటాం, ఒట్టు పెడతారు, అప్పుడు చెయ్యి తీస్తాం. ఇక్కడ వద్దంటే వద్దే. నాలుగుసార్లు వద్దన్నవాణ్ణి ఐదోసారి అడగడం వాళ్ళ దృష్టిలో మర్యాద కాదు, వేధించడం. వాళ్ళు నిన్ను వదిలెయ్యలేదు, నీ మాటని గౌరవించారు. నువ్వేమో బతిమాలతారని చూస్తూ కూర్చున్నావు. నేనూ ఏడాది కూర్చున్నా, అందుకే ఇంత ధీమాగా చెప్తున్నా. ఇప్పుడు అడగాల్సింది నువ్వు. రాత్రికి కుదరకపోతే పొద్దునకి అడుగు.

పాలకొల్లు_టు_బెర్లిన్:
అన్నా, ఇది చదివి కాసేపు ఏం తోచలేదు. నిజంగానే నేను ఒక్కసారి కూడా వాళ్ళని దేనికీ పిలవలేదు. పుట్టినరోజు కూడా చెప్పలేదు, వాళ్ళే గుర్తుపెట్టుకుంటారని.

పూతరేకు:
ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే కేకు తేవాలి. మన ట్రీట్ లాగే. ఇందులో మాత్రం మనం ఒకటే.

మూసీ_టు_మైన్:
సరే, ఆవకాయ అన్న పాయింట్ ఒప్పుకుంటున్నా. కానీ పొద్దున అంటే ఎప్పుడు? క్లబ్బుల నుంచి వాళ్ళొచ్చేదే పొద్దున.

పాలకొల్లు_టు_బెర్లిన్:
అదే ఆలోచిస్తున్నా. ఆదివారం తొమ్మిదింటికి వాళ్ళు ఆకలితో వస్తారు, కొట్లన్నీ మూసి ఉంటాయి, ఫ్రిజ్‌లో సగం వాడిన వెన్న తప్ప ఏం ఉండదు. నేను ఆ టైముకి లేచే ఉంటా. పెసరట్టు వేస్తానని ఇందాకే ఫ్లాట్ గ్రూప్‌లో పెట్టా. బ్రెజిల్ అమ్మాయి వస్తానంది, ఒక జర్మన్ బొటనవేలు గుర్తు పెట్టాడు, ఇంకొకతను ఇంకా చూడలేదు.

లెక్కల_మాస్టారు:
పెసలు శనివారమే నానబెట్టు బాబూ. అల్లం మర్చిపోకు.

అర్ధరాత్రి_ఆవకాయ:
రుబ్బడం కూడా శనివారమే. రాత్రి పది దాటాక మిక్సీ వేశావో కింద ఫ్లాట్ ముసలాయన పైకొస్తాడు. ఆదివారం అయితే రోజంతా నిశ్శబ్దమే.