‘లిటిల్ వుమెన్’ అభిమానులు జో పెళ్ళి గురించి ఇప్పటికీ ఎందుకు వాదించుకుంటున్నారు?

అక్షరప్రియ (ప్రశ్న):
లూయిసా మే ఆల్కాట్ రాసిన ‘లిటిల్ వుమెన్’ను ఈమధ్యనే మా అమ్మాయితో కలిసి చదవడం మొదలుపెట్టాను. మెగ్, జో, బెత్, ఏమీ అనే నలుగురు అక్కచెల్లెళ్ళ కథ అని మీకు తెలిసే ఉంటుంది. ఈ నవల గురించి ఎక్కడ వెతికినా, పక్కింటి లారీని జో ఎందుకు కాదన్నది, అక్క రాసుకున్న కథల ప్రతిని పొయ్యిలో వేసిన ఏమీని క్షమించవచ్చా అన్న వాదనలే కనిపిస్తున్నాయి. అవి కూడా సొంత ఇంటి ఆడపిల్ల సంబంధం గురించి మాట్లాడుకుంటున్నంత పట్టుదలగా సాగుతున్నాయి. ఈ వేడి 2019లో గ్రెటా గెర్విగ్ తీసిన సినిమాతో పుట్టిందా, లేక ముందునుంచీ ఉన్నదేనా? కథ చివరికి ఏమవుతుందో మాకు తెలిసిపోయింది కనుక మీరు దాచి చెప్పనక్కరలేదు.

పాతపుస్తకాల అర:
సినిమాతో పుట్టినది కాదండి. నవల సగం కూడా పూర్తికాకముందే ఈ వాదన మొదలైంది. బోస్టన్‌లోని రాబర్ట్స్ బ్రదర్స్ సంస్థ 1868లో ప్రచురించిన మొదటి భాగం మెగ్ పెళ్ళి కుదరడంతో ఆగుతుంది. రెండవ భాగం 1869లో వచ్చింది. ఈ రెండింటి మధ్య ఉన్న కొద్ది నెలల్లోనే, జోకు లారీతో పెళ్ళి చేయమని ఆడపిల్లలు రచయిత్రికి ఉత్తరాలు రాశారు. ఆడదాని జీవితానికి అదొక్కటే గమ్యమైనట్లు అందరూ పెళ్ళి గురించే అడుగుతున్నారని ఆమె తన దినచర్యలో విసుక్కున్నది. ఎవరి సంతోషం కోసమూ జోను లారీకి ఇవ్వనని కూడా అక్కడే రాసుకున్నది. జో పెళ్ళి లేకుండా రచయిత్రిగానే ఉండిపోవాలన్నది ఆల్కాట్ అసలు ఉద్దేశం. పాఠకుల ఒత్తిడిని పూర్తిగా కాదనలేక, అలాగని వారు అడిగినది ఇవ్వడానికి మనసొప్పక, కావాలనే వయసులో చాలా పెద్దవాడైన జర్మన్ ప్రొఫెసర్ బేర్‌ను తెచ్చి నిలబెట్టానని ఆమె ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నది. అంటే నవల ముగింపులోనే అభిమానులతో రచయిత్రి పడిన తగవు ఉన్నది. అది తేలని తగవు కాబట్టే ప్రతి తరమూ దాన్ని మళ్ళీ విచారణకు తెస్తున్నదని నా అభిప్రాయం. గెర్విగ్ సినిమా చివర తన నవలలో నాయిక పెళ్ళి గురించి జో ప్రచురణకర్తతో బేరమాడే దృశ్యం కూడా ఈ తగవు మీదే నిలబడి ఉన్నది.

ఆ ఉత్తరాల బెడద ఎంతగా ముదిరిందో చూడాలంటే ఈ కథకు కొనసాగింపుగా 1886లో వచ్చిన ‘జోస్ బాయ్స్’లో ‘జోస్ లాస్ట్ స్క్రేప్’ అనే అధ్యాయం చదవండి. అప్పటికి పేరు తెచ్చుకున్న జో ఇంటి మీదకు సంతకాలు అడిగేవారు, విలేఖరులు, ముక్కూమొహం తెలియని బంధుకోటి వచ్చి పడుతుంటారు. అభిమానులను ఇంత సరదాగా, ఇంత కసిగా వెక్కిరించిన అధ్యాయం నేను మరొకటి చదవలేదు.

చార్లెస్ నది ఒడ్డున:
మేము బోస్టన్ దగ్గర ఉంటాము. కాంకర్డ్‌లోని ఆర్చర్డ్ హౌస్, అంటే ఆల్కాట్ ఈ నవల రాసిన ఇల్లు, 1912 నుంచి మ్యూజియంగా నడుస్తున్నది. రెండు కిటికీల మధ్య గోడకు బిగించిన, ఆమె రాసుకున్న అర్ధచంద్రాకారపు బల్ల చాలా చిన్నది. తండ్రి బ్రాన్సన్ దాన్ని ఆమె కోసమే స్వయంగా చేశాడు. చెల్లెలు మే గోడల మీద, తలుపుల చట్రాల మీద వేసిన పెన్సిల్ బొమ్మలు నేటికీ చెరగలేదు. వచ్చినవారు ఈ గదుల్లో బెత్‌ను వెతుక్కుంటారు. బెత్‌కు మూలమైన ఆల్కాట్ చెల్లెలు ఎలిజబెత్ మాత్రం ఆల్కాట్ కుటుంబం ఈ ఇంట్లోకి మారకముందే, 1858 మార్చిలో కన్నుమూసింది. స్లీపీ హాలో శ్మశానవాటికలో రచయితలు థోరో, ఎమర్సన్‌ల సమాధులకు దగ్గరలోనే ఆల్కాట్ సమాధి ఉన్నది. దాని మీద అభిమానులు కలాలు, పెన్సిళ్ళు పెట్టి వెళుతుంటారు. ఆ కలాలను చూసిన తరువాత నాకు అనిపించినదేమిటంటే, వాదన పైకి పెళ్ళి గురించే అయినా, ఎక్కువమంది జోలో చూసుకుంటున్నది రాయాలనుకునే తమనే. ఫ్రెంచ్ రచయిత్రి సిమోన్ ద బొవా తన ఆత్మకథలో చిన్నప్పుడు తనను తాను జోగా ఊహించుకున్నానని రాసిన సంగతి ప్రసిద్ధమే.

గోదావరి గట్టు:
పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తాను కానీ, అభిమానమంటే తగవు ఒక్కటే కాదు. నవలలోని అక్కచెల్లెళ్ళు ఇంట్లోనే డికెన్స్ నవల పేరు మీద పిక్విక్ క్లబ్బు పెట్టుకుని పత్రిక నడిపినట్లే, 1870లలో పెన్సిల్వేనియాలో ల్యూకెన్స్ ఇంటి ఐదుగురు అక్కచెల్లెళ్ళు తామూ ఒక పత్రిక నడిపారు. ఆల్కాట్ దానికి చందాదారు అయి, వారితో ఏళ్ళ తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు జరిపింది. ఉత్తరాలంటే విసుక్కున్న మనిషే, తమంతట తాము ఏదో ఒక పనికి పూనుకున్న పిల్లలకు మాత్రం ఓపికగా జవాబు రాసింది. జపాన్‌లో 1987లో ఈ కథను టీవీ యానిమేషన్‌ ధారావాహికగా తీశారు; అక్కడివారికి ఈ అక్కచెల్లెళ్ళు ఎంత దగ్గరివారో దానితోనే తెలుస్తుంది. లారీ గొడవ ఒక్కటే పట్టుకుంటే ఇవన్నీ మరుగున పడతాయి.

అక్షరప్రియ:
అందరికీ కృతజ్ఞతలు. అయితే మా దగ్గర ఉన్న పుస్తకం మెగ్ నిశ్చితార్థంతోనే అయిపోతున్నది. లారీ జోను అడగడం ఇందులో ఎక్కడా లేదు. పేజీలేమైనా పోయాయా?

పాతపుస్తకాల అర:
పేజీలు పోలేదండి. బ్రిటన్‌లో రెండవ భాగాన్ని ‘గుడ్ వైవ్స్’ అన్న పేరుతో విడిగా అమ్మే అలవాటు ఉన్నది. మీ దగ్గర ఉన్నది ఆ పద్ధతిలో వేసిన మొదటి భాగం మాత్రమే అయివుంటుంది. విషయసూచిక చూడండి: 23 అధ్యాయాలే ఉంటే మొదటి భాగం, 47 ఉంటే మొత్తం నవల. లారీ అడిగేది, జో కాదనేది 35వ అధ్యాయంలో.