ముంతలు పేలిపోయాయి, మార్కులెలా వేయాలి?

కాలవగట్టు మాస్టారు:
అమలాపురం దగ్గర పీజీ పిల్లలకు చరిత్ర చెప్తానండి. రాక్షసగుళ్లలో, అంటే ఇనుపయుగపు పెద్దరాళ్ల సమాధుల్లో, దొరికే లోపల నలుపు, బయట ఎరుపు కుండను ఏటా బోర్డు మీద గీసి చూపించడమే. ఈసారి మనమే చేసి కాలుద్దాం అన్నాను. కాలవగట్టు ఒండ్రుమట్టితో, సారె లేకుండా, చేత్తోనే 14 ముంతలు చేశారు. 3 రోజులు ఆరబెట్టి, గొయ్యి తీసి, పిడకలు, కొబ్బరి డొక్కలు పేర్చి ముట్టించాం. పావుగంట కాకుండానే టపటపమని దీపావళి! 9 పోయాయి. మిగిలిన 5 లోపలా బయటా ఎరుపే, నలుపు జాడ లేదు. ఒకమ్మాయి పెంకులు ఏరి చున్నీలో మూటగట్టుకుని "సార్, మరి నా మార్కులు?" అంది. తప్పెక్కడ జరిగింది? మార్కులెలా వేయను?

సారె తిప్పిన చెయ్యి:
మాది కుమ్మరిపనేనండి. మన చెమ్మగాలికి 3 రోజుల్లో ఏం ఆరుతుంది మాస్టారూ? పైకి తెల్లబడ్డా అడుగు పచ్చిగానే ఉంటుంది. ముంత అడుగు బుగ్గకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. నీడన వారం, పది రోజులు ఉంచాలి. వట్టి ఒండ్రు కాదు, ఇసుక కలిపి తొక్కాలి. కాల్చేముందు మంట చుట్టూ పెట్టి సెగ చూపించండి. డొక్కలు ఒక్కసారే భగ్గుమంటాయి. ఊకైతే నిదానంగా రగులుతుంది.

పెంకుల పిచ్చి:
నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది, అందుకే ఆ పేలుళ్లు. నలుపు కోసం లోపల ఊక కూరి, మూతి బూడిదలో దిగేలా బోర్లించి కాల్చండి. గాలి అందక లోపల బొగ్గు పట్టి నల్లబడుతుంది, బయట గాలి తగిలి మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది.
మార్కులు పెంకులకే వేయండి సార్. ఇసుక ఎంత, ఎన్నిరోజులు ఆరింది, ఎన్నో నిమిషంలో పేలింది రాసినవాళ్లకి. ఇంగ్లండ్‌లో బట్సర్ అనేచోట 1972 నుంచి ఇనుపయుగపు పొలం, ఇళ్లు మళ్లీ కట్టి చూశారు. మన పాతరల్లాంటి గోతుల్లో ధాన్యం పోసి, ఎంత మొలకెత్తిందో, ఎంత నిలిచిందో కూడా లెక్క రాశారు.

కాలవగట్టు మాస్టారు:
మేం ఒక్క అక్షరం రాసుకోలేదండీ, సిగ్గుగా ఉంది. ఫోన్లో వీడియో మాత్రం ఉంది. టప్ అన్నచోటల్లా నిమిషం రాయిస్తాను. మిల్లువాళ్లు 2 బస్తాల ఊక ఇస్తామన్నారు. వానలు తగ్గాక మళ్లీ కాలుస్తాం.

సారె తిప్పిన చెయ్యి:
కార్తీకంలో మా ఆవం కాలుస్తాం, పిల్లల్ని తీసుకురండి. ఆ చున్నీ అమ్మాయిని కూడా.