4×2×2 ట్యాంక్ ఓవర్‌ఫ్లో డ్రెయిన్: ఏ పైపు, ఏ వాల్వ్, ఏ ట్యాంక్ నిపుల్?

గోదారి_గుప్పీ:
అందరికీ నమస్తే. 4×2×2 అడుగుల అక్వేరియం ట్యాంక్ చేయిస్తున్నాను. 12 మి.మీ. గ్లాసు, కింద స్టాండ్‌లో సంప్ (ట్యాంక్ నుంచి దిగిన నీళ్లు చేరే తొట్టి, 90×40 సెం.మీ.). ట్యాంక్ మూలన 20×20 సెం.మీ. ఓవర్‌ఫ్లో బాక్స్ (పై నీళ్లు పొంగి పడే గది), దాని లోపల అడుగు గ్లాసుకి రెండు హోల్స్ వస్తాయి. ఇంకా వేయించలేదు. పంపు 3000 ఎల్‌పీహెచ్ (గంటకు లీటర్లు). ఇప్పటికి మంచినీటి చేపలే, తర్వాత మెరైన్‌కి మారే ఆలోచన ఉంది.

ట్యాంక్ చేసే ఆయన ఒక హోల్ 1 అంగుళం డ్రెయిన్‌కి (నీళ్లు సంప్‌లోకి దిగే పైపు), రెండోది ముప్పావు అంగుళం రిటర్న్‌కి (పంపు నీళ్లని తిరిగి పైకి తెచ్చే పైపు) అంటున్నారు. నా సందేహాలు ఇవీ: పైపు సీపీవీసీ మంచిదా, యూపీవీసీ మంచిదా? మేడ మీద నీళ్ల ట్యాంకుకి వేసే ట్యాంక్ నిపుల్ (ట్యాంకు గోడకి పైపు బిగించే మరల ఫిట్టింగ్) ఇక్కడ పనికొస్తుందా? హార్డ్‌వేర్ షాపులో బాల్ వాల్వ్, ఇత్తడి గేట్ వాల్వ్ మాత్రమే ఉన్నాయి, ఏది తీసుకోవాలి? ట్యాంక్ ఉండేది హాల్లో, రాత్రిళ్లు గుడగుడ వద్దు. మా వైపు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, అప్పుడు నేల మీదికి నీళ్లు రాకూడదు.

నీటిమట్టం:
హోల్స్ వేయకముందు అడిగారు కాబట్టి పని తేలిక. రెండు హోల్స్‌నీ 1 అంగుళమే వేయించి రెండూ డ్రెయిన్‌కే వాడండి. రిటర్న్ పైపుని వెనక గ్లాసు మీదుగా పైనుంచి తెచ్చుకోండి. చూడ్డానికి కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, కానీ ఒక్క డ్రెయిన్ మీద ఆధారపడితే అందులో ఒక నత్త ఇరుక్కున్నా నీళ్లకు ఇంకో దారి లేదు.

శబ్దానికి కారణం గాలి. నీళ్లూ గాలీ కలిసి దిగే పైపు గుడగుడమంటుంది. పైన టీ (మూడు దారుల ఫిట్టింగ్) పెట్టి గాలి రంధ్రం వదిలే డర్సో పైపుతో కొంత తగ్గుతుంది గానీ, 1 అంగుళం డర్సో గంటకు వెయ్యి, పన్నెండు వందల లీటర్ల దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. మీ పంపు మీద రాసిన 3000 ఎత్తు సున్నా ఉన్నప్పటి లెక్క. సంప్ నీటి నుంచి ట్యాంక్ అంచు దాకా 1.2 మీటర్లు ఎక్కి, మధ్యలో ఎల్బోలు దాటేసరికి 2000 దగ్గర తేలుతుంది. డబ్బా మీది గ్రాఫ్‌లో మీ ఎత్తు దగ్గర చూసుకోండి. ట్యాంక్‌కి అది చాలు, 1 అంగుళం డర్సోకి మాత్రం ఎక్కువ.

కాబట్టి హెర్బీ అనే రెండు పైపుల పద్ధతి. ఒక పైపు నిండుగా సైఫన్‌లా పారుతుంది, గాలి దూరదు, చప్పుడు రాదు. రెండోది ఎమర్జెన్సీ, మామూలుగా పొడిగా ఉంటుంది. మీటరు లోతుకి దిగే 1 అంగుళం పైపు పూర్తి సైఫన్‌లో 3000 లీటర్లు సునాయాసంగా లాగేస్తుంది. అంత మనకి అక్కర్లేదు కనుక కింద వాల్వ్‌తో నొక్కిపెట్టి పంపు ఇచ్చేదానికి సమానం చేస్తాం.

ఎత్తులే ఇందులో ప్రాణం. ట్యాంక్ లోపలి అడుగు నుంచి కొలిస్తే: నీళ్లు బాక్స్‌లోకి వచ్చే దువ్వెన పళ్ల సందుల అడుగు 55 సెం.మీ., ఎమర్జెన్సీ పైపు మూతి 50, మెయిన్ పైపు మూతి 35. నడిచేటప్పుడు బాక్స్‌లో నీళ్లు 47, 48 దగ్గర నిలబడాలి. మెయిన్ మూతి మీద కనీసం 10 సెం.మీ. నీళ్లు లేకపోతే సుడి తిరిగి గాలి లాగుతుంది, సైఫన్ తెగుతుంది. బాక్స్‌లో మట్టం మరీ కిందికి పెట్టినా తప్పే. పళ్ల మీదుగా పడే నీళ్లు జలపాతంలా చప్పుడు చేస్తాయి, మీరు పైపుని నిందిస్తారు.

మెయిన్ మూతికి జాలీ పెట్టండి. ఎమర్జెన్సీకి జాలీ వద్దు, వాల్వ్ వద్దు, ఏమీ వద్దు. నేరుగా సంప్‌లోకి దిగాలి. దాని కింది కొసని నీటి పైన వదిలితే ఇంకా మేలు: అందులోకి నీళ్లు వచ్చిన రోజు చప్పుడుకి మీకు తెలిసిపోతుంది.

మెయిన్ పైపు కింది కొస మాత్రం సంప్ నీటిలో 2 సెం.మీ. మునిగితే చాలు. పది, పదిహేను సెం.మీ. ముంచితే కరెంటు వచ్చినప్పుడు పైపులోని గాలి బయటికి తోసుకురాలేదు. సైఫన్ అందుకోదు, నీళ్లన్నీ ఎమర్జెన్సీ దారి పడతాయి. కరెంటు పోయిన ప్రతిసారీ ఇదే తంతు. పైపుని అడ్డంగా పరిగెత్తించినా, మధ్యలో పల్లం వచ్చి మళ్లీ పైకి లేచినా గాలి అక్కడే చిక్కుకుంటుంది.

పైపుల_పిచ్చి:
పైన చెప్పిన పద్ధతితో ఏకీభవిస్తాను. సామాను సంగతి నేను చెప్తాను, ఎందుకంటే షాపులో "వన్ ఇంచ్ ఇవ్వండి" అంటే మూడు రకాలు చేతికొస్తాయి.

యూపీవీసీ ప్లంబింగ్ పైపు (తెల్లది, షెడ్యూల్ 40 లేదా 80, షెడ్యూల్ అంటే గోడ మందం తరగతి): 1 అంగుళం బయటి కొలత 33.4 మి.మీ.
సీపీవీసీ (లేత పసుపు తెలుపు): 1 అంగుళం బయటి కొలత 28.6 మి.మీ.
వ్యవసాయ పైపు (బూడిద రంగు): మి.మీ. లెక్కనే, 32 మి.మీ.

ఒకదాని పైపు ఇంకోదాని సాకెట్‌లో కూర్చోదు. కూర్చున్నట్టు అనిపించి సొల్యూషన్ (పైపు జిగురు) పోసి తిప్పితే అక్కడే కారుతుంది. లోపలి దారి చూస్తే షెడ్యూల్ 40 యూపీవీసీ 26.6, షెడ్యూల్ 80 అయితే 24.3, సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 (అదీ గోడ మందం లెక్కే) అయితే 23.4 మి.మీ. దగ్గర. సీపీవీసీ వేడినీళ్ల కోసం చేసింది. అక్వేరియంకి ఆ గుణంతో పని లేదు, దారి ఇరుకు, ఖర్చు ఎక్కువ. యూపీవీసీ షెడ్యూల్ 40 తీసుకోండి, సీసం లేనిదని పైపు మీద రాసి ఉండాలి. సొల్యూషన్ కూడా యూపీవీసీదే అడగండి.

ట్యాంక్ నిపుల్: మేడ మీది ట్యాంకుకి వేసే 1 అంగుళం నిపుల్‌కి బయటి మరే 1 అంగుళం. కాబట్టి లోపలి దారి 24 మి.మీ.కి అటూ ఇటూ, కొన్నిట్లో ఇంకా సన్నం. గ్లాసులో హోల్ 35 మి.మీ. చాలు. అక్వేరియం షాపుల్లో దొరికే సాకెట్ రకం బల్క్‌హెడ్‌లో (గ్లాసు హోల్‌లో బిగించే, నిపుల్ లాంటి ఫిట్టింగ్) 1 అంగుళం పైపే లోపలికి దిగుతుంది, దానికి హోల్ 45 మి.మీ. దాకా కావాలి. ఫిట్టింగ్ చేతిలోకి వచ్చాక మర బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి, 1–2 మి.మీ. కలిపి హోల్ సైజు చెప్పండి. కంపెనీని బట్టి మారుతుంది, ఎవరో చెప్పిన అంకెతో గ్లాసు కోయించొద్దు. మీ వాడకానికి నిపుల్ కూడా నెగ్గుకొస్తుంది, వీలైతే సాకెట్ రకమే కొనండి. రబ్బరు వాషర్ ఒక్కటే, అదీ ట్యాంక్ లోపల అంచు కింద. నట్ బయట. చేత్తో బిగించి ఆపైన పావు చుట్టు, అంతే. సిలికాన్ పూయకండి, రేపు వాషర్ మార్చాలంటే గ్లాసు మీద ప్రాణాలు పెట్టుకుని గీకాలి.

మర విషయంలో ఇంకో చిక్కు: దిగుమతి చేసిన అమెరికన్ బల్క్‌హెడ్ ఎన్‌పీటీ (అమెరికా కొలత) మరతో వస్తుంది. మన షాపుల్లోవి బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత). 1 అంగుళంలో ఒకటి అంగుళానికి 11.5 మరలు, రెండోది 11. రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, "గట్టిగా ఉంది" అనుకుంటాం, అది మర తప్పి పట్టుకోవడం. సాకెట్ రకం అయితే ఈ గొడవే లేదు.

ఇత్తడి గేట్ వాల్వ్ అసలొద్దు. ఉప్పునీటిలో రాగి కరిగి రొయ్యల్నీ పగడాల్నీ చంపుతుంది, మంచినీటి రొయ్యలకీ మంచిది కాదు. ఎంటీఏ, ఎఫ్‌టీఏ (బయట మర, లోపల మర ఉన్న అడాప్టర్లు) అడిగినప్పుడు కూడా ప్లాస్టిక్ మరవే అని నొక్కి చెప్పండి. లేకపోతే లోపల ఇత్తడి మర ఉన్నది చేతిలో పెడతారు.

పగడపు_దిబ్బ:
వాల్వ్ గురించి నా మాట: హెర్బీకి పీవీసీ గేట్ వాల్వ్ ఉంటేనే సుఖం. బాల్ వాల్వ్ తెరిచి మూసే పనికి చేసింది. సగానికి తెచ్చాక పిడి ఒక వెంట్రుకవాసి కదిలితే బాక్స్‌లో మట్టం అయిదారు సెం.మీ. లేస్తుంది, దిగుతుంది. పైగా కొన్ని నెలలు ఒకే చోట ఉంటే బిగుసుకుపోయి, బలంగా తిప్పితే పిడి ఒక్కసారిగా ఎక్కువ తిరిగిపోతుంది. పీవీసీ గేట్ వాల్వ్ మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లోనో మెరైన్ సామాను అమ్మేచోటో తెప్పించుకోవాలి. ధర కాస్త నొప్పి పుట్టిస్తుంది. అయినా ఈ మొత్తం ప్లంబింగ్‌లో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే. కొనే ముందు దాని సాకెట్ అంగుళాల కొలతా, మి.మీ. కొలతా అని చూడండి. 32 మి.మీ. సాకెట్‌లో మీ 33.4 పైపు దిగదు.

వాల్వ్‌ని పైన బల్క్‌హెడ్ దగ్గర పెట్టకండి, సంప్‌కి దగ్గరగా కింద పెట్టండి. చెయ్యి ఆనుతుంది, వాల్వ్ దాకా పైపు నిండుగా ఉంటుంది.

నీటిమట్టం:
గేట్ వాల్వ్ దొరికితే అదే, సందేహం లేదు. దొరక్కపోతే ఆగిపోనక్కర్లేదు. బాల్ వాల్వ్‌ని అవసరం కన్నా కొంచెం ఎక్కువ మూసి, మిగిలిన సన్నటి ధార ఎమర్జెన్సీ పైపులోకి జారేలా వదలండి. పైపు గోడని అంటుకుని జారే ధారకి చప్పుడు రాదు, మట్టం కూడా ఎమర్జెన్సీ మూతి దగ్గరే స్థిరపడుతుంది. బీన్ యానిమల్ అనే మూడు పైపుల పద్ధతిలో రెండో పైపు చేసే పని అదే. అక్కడ పూర్తిగా పొడిగా ఉండే మూడోది కూడా ఉంటుంది, మీకు ఉండదు. ధార దారంలా ఉన్నంతవరకు ఎమర్జెన్సీకి చోటు మిగులుతుంది, సగం పైపు పారుతుంటే మాత్రం అది ఎమర్జెన్సీ కాదు. ట్యాంక్ చేసే ఆయన ఒప్పుకుంటే మూడో హోల్ వేయించడం అన్నిటికన్నా మంచిది, కానీ 20×20 బాక్స్‌లో మూడు 45 మి.మీ. హోల్స్ పట్టినా గ్లాసుకి బలం తగ్గుతుంది, నేనైతే వేయించను.

వాల్వ్ సర్దడం: పూర్తిగా తెరిచి పంపు వేయండి. గర్రుమని గాలి లాగుతుంది, కంగారు పడొద్దు. కొద్దికొద్దిగా మూయండి. మెయిన్ మూతి మునిగి చప్పుడు ఆగుతుంది. ఇక ప్రతి పావు చుట్టుకీ పది పదిహేను నిమిషాలు ఆగి మట్టం చూడండి. ఆగకుండా తిప్పేవాళ్లు గంట తిప్పుతూనే ఉంటారు.

గోదారి_గుప్పీ:
చాలా స్పష్టంగా చెప్పారు, అందరికీ థాంక్స్. రెండు ప్రశ్నలు మిగిలాయి. కరెంటు పోతే సంప్‌లోకి ఎన్ని లీటర్లు దిగుతాయి, ఎలా లెక్కేయాలి? బాక్స్‌లోని పైపుల్ని బల్క్‌హెడ్‌కి అతికించేయాలా?

పైపుల_పిచ్చి:
అతికించొద్దు. రెండు చుట్లు టెఫ్లాన్ టేప్ చుట్టి సాకెట్‌లోకి గట్టిగా నొక్కండి చాలు, శుభ్రం చేయడానికి ఊడిరావాలి. గ్లాసు కింద ఉన్న జాయింట్లే సొల్యూషన్‌తో అతికించాలి. పైపు కోసిన అంచు చదునుగా ఉండాలి, అంచు గీకి, రెండు వైపులా పూసి, పావు చుట్టు తిప్పి అర నిమిషం పట్టుకోండి. నీళ్లు పెట్టడానికి 24 గంటలు ఆగండి. ప్రతి బల్క్‌హెడ్ కింద ఒక యూనియన్ (విప్పి మళ్లీ బిగించే జాయింట్) తప్పనిసరి, లేకపోతే సంప్ బయటికి తీయాలంటే పైపు కోయాలి. పైపుల బరువు బల్క్‌హెడ్ మీద వేలాడకుండా స్టాండ్‌కి క్లాంపులు కొట్టండి.

సామాను: 1 అంగుళం బల్క్‌హెడ్ 2, యూనియన్ 2, గేట్ వాల్వ్ 1, 45 డిగ్రీల ఎల్బోలు 4 (90 ఎల్బో ఒకటి బదులు ఇవి రెండు వేస్తే నీళ్లు హాయిగా తిరుగుతాయి), 3 మీటర్ల పైపు ఒకటి, క్లాంపులు 6, చిన్న సొల్యూషన్ డబ్బా. రిటర్న్‌కి ముప్పావు పైపు 3 మీటర్లు, ఎల్బోలు 3, యూనియన్ 1, పంపు దగ్గర కంపనం పట్టకుండా జానెడు సిలికాన్ ట్యూబ్.

నీటిమట్టం:
లెక్క: మీ ట్యాంక్ 122×61 సెం.మీ., అంటే మట్టం సెంటీమీటరు తగ్గితే 7.4 లీటర్లు. నడిచేటప్పుడు పళ్ల సందుల మీద దాదాపు 1 సెం.మీ. నీళ్లు ఉంటాయి, మట్టం 56. రిటర్న్ మూతి 53 దగ్గర ఉంటే, పంపు ఆగాక అది వెనక్కి సైఫన్ చేస్తూ 53 దాకా దించుతుంది: 3 సెం.మీ., 22 లీటర్లు. బాక్స్‌లో 47 నుంచి 35 దాకా దిగేది 5 లీటర్లు. పైపులో ఉన్నది ఒక లీటరు. మొత్తం 28. అతికించని జాయింట్ కొంచెం కొంచెం కారుతుంది కాబట్టి కరెంటు గంటల తరబడి రాకపోతే బాక్స్ అడుగంటా ఖాళీ అవుతుంది, ఇంకో 14. అంటే 42 లీటర్లు. మీ సంప్‌లో సెంటీమీటరుకి 3.6 లీటర్లు, కాబట్టి పంపు నడుస్తున్నప్పుడు సంప్ అంచు కింద 12 సెం.మీ. ఖాళీ ఉండాలి, 14 ఉంచుకోండి. రిటర్న్ పైపుకి నీటి గీత దగ్గర చిన్న రంధ్రం వేస్తే సైఫన్ ముందే తెగుతుంది, కానీ అది నాచుతో మూసుకుపోతుంది. దాన్ని నమ్మి ఖాళీ తగ్గించొద్దు.

చేపలు వేయకముందు రెండు పరీక్షలు. మొదటిది, పంపు నడుస్తుండగా మెయిన్ వాల్వ్ పూర్తిగా మూయండి. ఎమర్జెన్సీ ఒక్కటే మొత్తం మోయాలి, ట్యాంక్ మట్టం అంచు కింద ఆగాలి. రెండోది, రెండు డ్రెయిన్ మూతులూ మూసి పంపు నడపండి. సంప్‌లో పంపు ఉండే రిటర్న్ గది ఖాళీ అయి పంపు గాలి పీల్చేదాకా వచ్చిన నీళ్లు ట్యాంక్‌లో పట్టాలి. ఆ గది 25×40, పంపు నోటి పైన 15 సెం.మీ. నీళ్లుంటే 15 లీటర్లు, ట్యాంక్‌లో 2 సెం.మీ. లేస్తుంది. మీకు 5 సెం.మీ. ఖాళీ ఉంది, సరిపోతుంది. నీళ్లు ఆవిరైపోతున్నాయని ఆ గదిని పెద్దది చేసుకుంటే ఈ లెక్క మళ్లీ వేయాలి.

పగడపు_దిబ్బ:
ఒకటి మర్చిపోయాం. అడుగు గ్లాసు టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచినది) అయితే హోల్ పడదు, పగిలి చిన్న చిన్న ముక్కలైపోతుంది. లాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి గ్లాసుని దాని ముందు నిలబెట్టి, పోలరైజ్డ్ కళ్లద్దాలతో అవతలి నుంచి చూడండి. మచ్చలు, చారలు కనిపిస్తే టఫెన్డ్. మామూలు గ్లాసు అయితే హోల్ అంచుకీ గ్లాసు అంచుకీ మధ్య కనీసం హోల్ వ్యాసమంత చోటు వదిలించండి. డైమండ్ బిట్, తక్కువ స్పీడు, నీళ్లు ఆగకుండా పోస్తూ ఉండాలి, చివరి రెండు మి.మీ. దగ్గర చెయ్యి తేలిక చేయాలి. ట్యాంక్ అతికించాక కన్నా విడి గ్లాసుగా ఉన్నప్పుడే వేయించండి, పగిలితే ఒక్క పలకతో పోతుంది.